పిల్లలకు మాయ కావలెను

హైదరాబాదు నగరమునకు ఒకప్పుడు రెండేండ్ల కొకమాఱు బంగారు ఏనుగు వచ్చుచుండెడిది. అంతర్జాతీయ బాలల సంవత్సరమైన 1979లో ఆరంభమైన అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవమునకు ఆ స్వర్ణగజమే చిహ్నము. ఉత్తమ చిత్రమున కొసగు బహుమానమును అదియే. తొలుత ఊరూరు తిరిగిన యా యుత్సవము 1990ల దశకమున మన నగరమున నిలుకడ చెందినది. నవంబరు నెలలో దేశదేశముల చిత్రములు వచ్చెడివి. బడిపిల్లలు వరుసలు కట్టి వచ్చి చూచెడివారు. బహుమతుల నిర్ణయమున పిల్లల తీర్పునకును చోటుండెడిది. 2017 నవంబరులో 20వ యుత్సవము నడచినది. తరువాత ఆ ఏనుగు మన వీథులలో మఱల కానరాలేదు. 1955లో పుట్టి, ఆ యుత్సవమును నడపుచు వచ్చిన బాలల చలనచిత్ర సంస్థ 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో కలిసిపోయినది. ఒక సారాయి దుకాణము మూతపడినచో ఊరేగింపులు జరుగు దేశమిది. పిల్లల యుత్సవము మూతపడినప్పుడు ఒక్క వినతిపత్రమైనను వెడలలేదు. ఓటు లేనివారి సొత్తు పోయినచో మొఱపెట్టువా రెవ్వరు?

“పోయినదేమో పోయినది, ఈ కాలపు పిల్లలకు సినిమాలకు కొదువయా?” అని అడుగువారు కలరు. వారికి సమాధానము చెప్పుటకే ఈ వ్యాసము. మా కోరిక సూటియైనది. ప్రతి జిల్లా కేంద్రమునను, వీలుపడినచో ప్రతి పురపాలక పట్టణమునను, ఏటేట మూడు దినములు పిల్లలకై చలనచిత్రోత్సవము జరుగవలెను. గ్రంథాలయములే దానికి తావు కావలెను. ఆ యుత్సవమున మొదటి పీట అద్భుత చిత్రములకు వేయవలెను. అద్భుత చిత్రములనగా జానపద కథలు, మంత్రతంత్రముల కథలు, భూతముల కథలు, కాలయంత్రముల కథలు, చంద్రలోక యాత్రలు, అపరాధ పరిశోధనలు. విమర్శకులు పెదవి విఱచునట్టి, ఉపాధ్యాయులు తలుపు మూయునట్టి యీ జాతి చిత్రములనే పిల్లలకు తొలుత చూపవలెనని మా పట్టుదల. నీతిచిత్రములు పిదప రావచ్చును. దీనిపై ఆక్షేపణలు పెక్కు కలవు. వానిని ఒక్కొక్కటిగా విచారింతము.

మొదటి యాక్షేపణ బుద్ధిమంతులది. “మాయలు, దయ్యములు చూపి పసివారిని మూఢవిశ్వాసములలో ముంచవచ్చునా? విజ్ఞానయుగమున ఇది వెనుకడుగు గాదా?” అని వారందురు. ప్రశ్న పెద్దదే కాని గురి తప్పినది. మూఢవిశ్వాసము నమ్ముమనును, నమ్మనివానిని బెదరించును, తాయెత్తునకు వెల చెప్పి చేయి చాచును. అద్భుతకథ అడుగున దొక్కటే, ముగియువఱకు చూడుమని. దీపములు వెలిగినంతనే పిల్లవాడు లేచి, ఇంటికి పోయి, అన్నము తినును. ఆఱేండ్ల బాలుడు చీపురుకట్టను గుఱ్ఱముగా నెక్కి వీథి చుట్టి వచ్చును. గుఱ్ఱమునకు గడ్డి వేయుమని తల్లిని అడుగును. ఆమె నిజముగా గడ్డి తెచ్చినచో పకపక నవ్వును. కల్పనకును నిజమునకును నడుమ గీత ఎచ్చట నున్నదో వానికి చక్కగా తెలియును. గీత తెలియనివారు పెద్దలలోనే హెచ్చు. ముహూర్తము కుదురలేదని దావా దాఖలు చేయనీక, తీరా కాలపరిమితి దాటిపోయిన పిదప వచ్చి విలపించు కక్షిదారులను ఇరువది యేండ్లుగా చూచుచున్నాము. వారిలో ఒక్కరును పాతాళభైరవి చూచి చెడినవారు కారు.

1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగార్లు ‘చందమామ’ను వెలువరించిరి. రాక్షసులు, మాంత్రికులు, శవమున దాగిన భేతాళుడు అందు కాపురముండిరి. తెలుగుదేశమున తరములకు తరములు దానిపై అక్షరములు కూడబలుకుకొనినవే. భేతాళకథ తుదిని వచ్చు ప్రశ్న యెట్టిదో జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఇందఱిలో తప్పెవ్వరిది? ఎవ్వరి త్యాగము మిన్న? ఎవ్వరు దేనికి అర్హులు? అది ముమ్మూర్తుల న్యాయస్థానపు ప్రశ్న. చదువు పిల్లవాడు విక్రమార్కునికంటె ముందుగా తీర్పు చెప్పవలెనని ఉవ్విళ్ళూరును. శవము మాటలాడకున్నచో ఆ తర్కమును పదియేండ్లవానికి ఎవ్వరు నేర్పగలిగియుందురు? మా వృత్తికి మొదటి పాఠము మాకు న్యాయకళాశాలలో దొరకలేదు; ఆ చెట్టు క్రింద దొరకినది.

ఆ చందమామ నడపిన చేతులే 1951లో ‘పాతాళభైరవి’ని నిర్మించినవి. కె. వి. రెడ్డిగారు దర్శకులు. 1952లో బొంబాయి నగరమున మన దేశపు మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవము జరిగినప్పుడు ఆ చిత్రము అందు ప్రదర్శింపబడినది. దేశపు తొలి చిత్రోత్సవమున తెలుగువారు నిలిపినది ఒక మాంత్రికుని కథ యని నేడు సిగ్గుపడువారు తెలిసికొందురు గాక. ఆ కథయందు మంత్రము తెలిసినవాడు నశించును. తోటమాలి కొడుకు గెలుచును. సత్యజిత్ రాయిగారు ‘పథేర్ పాంచాలి’ తీసి లోకప్రసిద్ధులైన పిమ్మట, తమ కుమారుడు పిల్లల చిత్రము కావలెనని కోరగా, తమ తాతగారైన ఉపేంద్రకిశోరుల కథను గైకొని 1969లో ‘గూపీ గాయెన్ బాఘా బాయెన్’ తీసిరి. పాట రాని గూపీని, డోలు రాని బాఘాను ఊరినుండి తఱిమివేయుదురు. అడవిలో భూతములరాజు వారికి మూడు వరములిచ్చును. ఆకలిగొన్న సైనికుల నెత్తిపై మిఠాయి కుండలు దిగి రాగా యుద్ధమే ఆగిపోవును. యుద్ధము చెడ్డదని అందు ఉపన్యసించువాడు లేడు. చూచిన పిల్లవాడు ఆ దృశ్యమును ముసలితనము వఱకు మఱువడు. నూఱు నీతిపాఠములను మఱునాటికి మఱచును.

రెండవ యాక్షేపణ తల్లులది. దానియందు మాకు గౌరవము కలదు. “పిల్లలు జడిసికొందురు, రాత్రి నిద్రపోరు” అని వారి బెంగ. వెఱపు లేని బాల్యము ఎచ్చటనైన కలదా? చీకటిగదికి, కుక్కకు, లెక్కల పరీక్షకు, పొరుగింటి కలహమునకు పిల్లలు జడియుచునే యున్నారు. ఆ వెఱపునకు మొదలే కాని తుది లేదు. కథలోని వెఱపునకు ఎల్ల కలదు, ఇరుప్రక్కల మిత్రులుందురు, గంట రెండు గంటలలో అది తీరును. మలయాళమున అరవిందన్‌గారు 1979లో తీసిన ‘కుమ్మాట్టి’ని చూడుడు. ఊరికి ఏటేట వచ్చు ఒక ముసలి మాయగాడు ఆటలో పిల్లలను జంతువులుగా మార్చును. అందఱును మఱల పిల్లలగుదురు గాని కుక్కయైన బాలుడొకడు అప్పటికే దూరముగా తఱుమబడియుండును. వాడొక ధనికుని యింట గొలుసు తగిలించుకొని, వెడలగొట్టబడి, ఇల్లు చేరి, కుక్కరూపముననే తల్లి వాకిట పడియుండును. ముసలివాడు మఱుసటేడు వచ్చినప్పుడే వానికి విముక్తి. మనుష్యుడై లేచిన బాలుడు మొట్టమొదట చేసిన పని, ఇంట పంజరములోని చిలుకను విడిచిపెట్టుట. కట్టువడుట యెట్లుండునో తెలిసినవాడు కట్లు విప్పినాడు. ఈ చిత్రము పిల్లలను జడిపించును, ఏడిపించును. పిదప ఆకాశమును చూపును. 2021లో ఇటలీ దేశపు బొలోనా నగర చిత్రభాండాగారమువారును మన దేశపు ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వారును చేయి కలిపి దీని ప్రతిని పునరుద్ధరించిరి. లోకము దీనిని భద్రపఱచుకొనుచున్నది. మన పిల్లలలో దీనిని చూచినవా రెందఱు?

మూడవ యాక్షేపణ అన్నిటికంటె బలమైనది, ఈ దినపుది. “అన్నియు చేతిలోని ఫోనులో నున్నవి. పిల్లవాడు కోరినది కోరినప్పుడు చూచును. ఇక ఉత్సవమేల?” అని. దీనికి సమాధానము 1957నాటి ‘మాయాబజార్’లోనే కలదు. అందు ప్రియదర్శిని యను పేటిక యొకటి వచ్చును. ఎవ్వరు తెఱచి చూచిన వారికి ప్రియమైనదే అందు కనబడును. శశిరేఖకు అభిమన్యుడు, బలరామునకు దుర్యోధనుడు, రేవతీదేవికి నగలు కానవచ్చినవి. ఒకే పెట్టె, ఒకరు చూచినది మఱియొకరికి లేదు. చదువరులారా, మన పిల్లల చేతులలో మనము పెట్టినది ఈ పేటికయే. నిన్న వాడు చూచినదానిని గుర్తుంచుకొని, నేడు అట్టిదే మఱియొకటి, రేపు అట్టిదే వేఱొకటి చూపుట దాని స్వభావము. వానికి దుర్యోధనుడు ప్రియుడైనచో తెల్లవారువఱకు దుర్యోధనునే చూపును. తనకు ప్రియమగునని వాడింకను ఎఱుగని దానిని అది చూపుట అరుదు. అదియును ముక్కలుగా చూపును. అరనిమిషము నచ్చకున్న వ్రేలితో త్రోసివేయును. మూడు గంటల కథను ఓర్పుతో ఆలకించి, నడుమ విసిగి, విసుగు దాటి, తుదిని తన్మయుడగుట యను అనుభవము వానికి దూరమగుచున్నది.

ఉత్సవమున జరుగునది దీనికి విరుద్ధము. అచ్చట పిల్లవాడు ఎన్నుకొనడు. అది వానికొఱకు ఎన్నుకొనబడినది. పేరు వినని దేశమునుండి, భాష తెలియని ఊరినుండి ఒక కథ వచ్చి తెరమీద నిలుచును. ప్రక్కవాడు నవ్వగా తాను నవ్వును. తాను జడియగా ప్రక్కది చేయి పట్టుకొనును. బయటికి వచ్చి అందఱును ఒకే చిత్రమును గూర్చి కొట్లాడుకొందురు. ఆ కొట్లాటయే విద్య. ఫోనులో చూచినదానిని గూర్చి ఎవ్వరితో కొట్లాడుదురు?

“మన తెలుగులోనే ఇప్పుడు గొప్ప గొప్ప మాయాచిత్రములు వచ్చుచున్నవి గదా” యని మఱికొందఱు గర్వింతురు. 2015లోను 2017లోను ‘బాహుబలి’ వచ్చినది. 2024లో ‘కల్కి’ వచ్చినది. వాని శిల్పమును మేము తక్కువ చేయము. కాని అవి పిల్లలకొఱకు తీసినవి కావు. పెద్దలకొఱకు తీసిన చిత్రములకు పిల్లలు ఒడిలో కూర్చుండి వెడలుచున్నారు. రక్తము చిందు ఘట్టమున తల్లి అరచేతితో కన్నులు మూయును. వ్రేళ్ళ సందులనుండి పిల్లవాడు చూచును. 2024 నియమముల ప్రకారము పెద్దల తోడు కావలసిన చిత్రములను 7, 13, 16 ఏండ్ల వయోభేదముతో విడదీయుచున్నారు. మేలే. ఏడేండ్లవాడు చూడరానిదేదో చట్టము చెప్పినది. ఏడేండ్లవాడు చూడదగినది ఎచ్చట నున్నదో ఎవ్వరు చెప్పవలెను? నిషేధము తెలిపి భోజనము పెట్టని వైద్యుని వలె నున్నది మన వ్యవస్థ.

పూర్వము ఇట్లుండెనా? 1936లో చిత్తజల్లు పుల్లయ్యగారు పిల్లలనే నటులుగా పెట్టి ‘ధ్రువ విజయము’ తీసిరి. 1949లో ‘కీలుగుఱ్ఱము’ ఎగిరినది. ‘మాయాబజార్’కు సహాయకుడుగా పని నేర్చిన సింగీతం శ్రీనివాసరావుగారు 1991లో ‘ఆదిత్య 369’ తీసి, కాలయంత్రమున కూర్చుండబెట్టి మనలను శ్రీకృష్ణదేవరాయల కొలువునకును భవిష్యత్తునకును త్రిప్పి తెచ్చిరి. గురువు వద్ద ఘటోత్కచుని మాయ నేర్చినవాడు శిష్యుడై విజ్ఞానకల్పనను తెలుగున నిలిపినాడు. ఇట్లు ఒకరినుండి ఒకరికి వచ్చిన దీపము మనది. 1997లో గుణశేఖర్‌గారు పిల్లలతోనే ‘రామాయణము’ తీసిరి. తరువాత పిల్లల కొఱకే తీయబడిన తెలుగు చిత్రములు వ్రేళ్ళపై లెక్కింపదగినన్ని. చందమామయు అస్తమించినది. చూచువారిని తయారు చేయని జాతికి తీయువారు పుట్టుదురా? నేడు తెరయెదుట కూర్చుండని పిల్లవాడు రేపు తెరవెనుక నిలువడు.

మా అనుభవమొకటి మనవి చేయుదుము. రెండేండ్ల క్రిందట మేము కొందఱము గ్రంథాలయ కార్యకర్తలము, మా పట్టణమున మూడు సాయంకాలములు పిల్లలకు చిత్రములు చూపదలచి ఒక పాఠశాల యధికారి వద్దకు పోయి మందిర మిమ్మని అడిగితిమి. ఆయన జాబితా చూచి, “వకీలుగారూ, దయ్యాల సినిమాలా? వీటివల్ల మార్కులు వస్తాయా? వ్యక్తిత్వ వికాసం మీద ఏదైనా ఉంటే చెప్పండి, చూద్దాం” అని మర్యాదగా మమ్ము సాగనంపినారు. అందుచే పఠనమందిరముననే బల్లలు ప్రక్కకు జరిపి, గోడకు తెల్లని దుప్పటి కట్టి, ఒక మిత్రుని ప్రొజెక్టరు ఎరువు తెచ్చి, ‘పాతాళభైరవి’ వేసితిమి. తొలినాడు పిల్లలు ముప్పదిమందికి మించలేదు. మొదటి అరగంట నలుపు తెలుపు బొమ్మను చూచి గుసగుసలాడిరి. ఇద్దఱు లేచి పోయిరి కూడ. మాంత్రికుడు తెరమీదికి వచ్చిన పిదప చడి లేదు. మూడవనాటికి కిటికీలకు వ్రేలాడిరి. లేచిపోయిన యిద్దఱును ముందువరుసలో నుండిరి.

చిత్రము ముగిసిన పిమ్మట ప్రశ్నలడుగుమంటిమి. తొమ్మిదేండ్ల బాలిక యొకతె లేచి, “మాస్టారూ, అందరూ రాజకుమారి కోసం కొట్టుకుంటున్నారు. ఆ బొమ్మ కోసం రాజకుమారే ఎందుకు వెళ్ళలేదు?” అన్నది. మేము నిరుత్తరులమైతిమి. నలువదేండ్లుగా ఆ చిత్రమును చూచుచున్న మాకు ఆ ప్రశ్న తోచలేదు. మన పాత చిత్రములలో దోషములు లేవని మేమనము. స్త్రీని బహుమానముగా పెట్టి పందెము నడపుట వానిలో తఱచు. ఆ దోషమునకు మందు చిత్రమును దాచుట గాదు. నలుగురిలో చూపి ఆ బాలికకు లేచి అడుగు చోటు కల్పించుట. ఆ చోటునకే ఉత్సవమని పేరు.

“ఇట్టివి మహానగరములకు చెల్లును, మా చిన్న ఊళ్ళకేల?” యని జంకువారికి రెండు ఊళ్ళ సంగతి చెప్పుదుము. చెకోస్లొవాకియా దేశమున చెప్పుల కర్మాగారమునకు పేరుపడిన జ్లీన్ యను పట్టణమున 1961లో పిల్లల చిత్రోత్సవము మొదలైనది. నేడు చెక్ దేశమున నున్న ఆ పట్టణమున అది ఇప్పటికిని జరుగుచున్నది. ఆ పట్టణపు చిత్రశాలలో పని చేసిన కారెల్ జెమాన్ గారే, 1955లో నలుగురు బాలురు పడవయెక్కి రాక్షసబల్లుల కాలమునకు పోవు చిత్రమును తీసినవారు. కథలు తీయువాడును, చూచు పిల్లలును ఒకే ఊర నుండిరి. ఇటలీలో జిఫోనీ యను ఊరు కలదు; పదునైదువేల జనము లేరు. 1971 మొదలు అచ్చట జరుగు ఉత్సవమున తీర్పరులు పిల్లలే. జనసంఖ్యలో మన మండల కేంద్రములు పెక్కు దీనికి తీసిపోవు. తక్కువైనది సంకల్పము.

ఇక చట్టము. “హక్కుదారులు ఊరకుందురా?” యని భయపడువారు తఱచు మా సలహా కోరుచుందురు, ఇచ్చట ఉచితముగా ఇచ్చుచున్నాము. 1957 కాపీరైటు చట్టము ననుసరించి చలనచిత్రముపై హక్కు, అది వెలువడిన మఱుసటి సంవత్సరాది మొదలు 60 ఏండ్లు మాత్రమే యుండును. కావున ‘కీలుగుఱ్ఱము’పై హక్కు 2009తోను, ‘పాతాళభైరవి’పై 2011తోను, ‘మాయాబజార్’ తొలి నలుపు తెలుపు ప్రతిపై 2017తోను ముగిసినది. 2010లో రంగులద్దిన ప్రతి సంగతి వేఱు. పాటల రచనకును సంగీతమునకును గల హక్కులను గూర్చి వేఱుగా విచారించుకొనవలెను. విద్యాసంస్థ తన విద్యార్థులకు, ఉపాధ్యాయులకు, తలిదండ్రులకు మాత్రమే చూపుకొను ప్రదర్శనను అదే చట్టపు 52వ పరిచ్ఛేదము ఉల్లంఘనగా నెంచదు. అనగా పాఠశాలలో పిల్లలకు మాయాబజారు చూపుటకు చట్టము అడ్డు రాదు. అడ్డు వచ్చునది అధికారి ముఖము చిట్లింపు మాత్రమే.

భాషాభేదమును ఒక అడ్డంకిగా చెప్పుదురు. పిల్లలు తెర అడుగున పరుగెత్తు అక్షరములను చదువలేరు గదా యని. బెర్లిను చిత్రోత్సవమున 1978 మొదలు పిల్లల విభాగము కలదు. అచ్చట పరదేశచిత్రము నడచునప్పుడు ఒకరు మైకు ముందు కూర్చుండి సంభాషణలను అప్పటికప్పుడు తమ భాషలో చదువుదురు. మనకిది కొత్త విద్యయా? తోలుబొమ్మల తెరవెనుక ఒక్క గొంతుతో రావణుడును సీతయు పలికిన జాతి మనది. హరిదాసులు, బుఱ్ఱకథకులు, నాటకపు పిచ్చిగల ఉపాధ్యాయులు ప్రతి ఊరను కలరు. ‘గూపీ బాఘా’ను, ‘కుమ్మాట్టి’ని తెలుగున చదివి వినిపింపుమన్నచో వారు పరుగున వత్తురు.

వ్యయమునకు దారి కలదు. గ్రంథాలయములకొఱకై ఆస్తిపన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున మనవద్ద సుంకము వసూలగుచున్నది. వసూలైనది జిల్లా గ్రంథాలయ సంస్థలకు సక్రమముగా చేరదను మొఱయు పాతదే. ఆ సుంకమును రాబట్టుటకు పట్టణప్రజలు గట్టిగా అడుగవలసియున్నది. అందులో లేశమాత్రము చాలును, ఒక తెర, ఒక ప్రొజెక్టరు, రెండు ధ్వనిపెట్టెలు కొనుటకు. గ్రంథాలయమున చలనచిత్రమేమని సందేహింపకుడు. 1935లో పాతూరి నాగభూషణముగారు కొల్లిపరకును పెదవడ్లపూడికిని నడుమ కాలువపై పడవలో గ్రంథాలయమును నడపిరి. చదువరి గ్రంథాలయమునకు రానిచో గ్రంథాలయమే చదువరికడకు పోయినది. నేటి పిల్లవాడు బొమ్మవద్ద నున్నాడు. బొమ్మతో మొదలుపెట్టి వానిని పుస్తకమువద్దకు తోడ్కొని రావలెను. మా ఊర ‘పాతాళభైరవి’ చూచిన పిల్లలు మఱునాడు వచ్చి కాశీమజిలీ కథలున్నవా యని అడిగిరి. ఆ బీరువా తాళము తుప్పుపట్టియుండెను.

ఇదిగో మా పద్ధతి. మూడు దినములు, దినమునకు రెండు ప్రదర్శనలు, ఎనిమిదేండ్ల లోపువారి కొకటి, పైవారి కొకటి. పాత తెలుగు చిత్రమొకటి, భారతదేశపు ఇతర భాషాచిత్రమొకటి, పరదేశపు చిత్రమొకటి తప్పక యుండవలెను. ప్రదర్శనకు ముందు అయిదు నిమిషములకు మించి ఎవ్వరును ప్రసంగింపరాదు, మంత్రివర్యులైనను సరియే. పిమ్మట అరగంట పిల్లలు మాటలాడవలెను, పెద్దలు వినవలెను. ఉత్తమచిత్రము నెన్నునది పిల్లలే. ప్రవేశము ఉచితము. పరీక్ష లేదు, వ్యాసరచన పోటీ లేదు, “ఈ చిత్రమువలన నీవు నేర్చిన నీతి యేమి?” యను ప్రశ్న అసలే లేదు.

నవంబరు 14వ తేదీ ఏటేట వచ్చును. ఏటేట మనము పిల్లలను ఎండలో నిలిపి, వారిని గూర్చి పెద్దల ఉపన్యాసములు వారికే వినిపింతుము. ఒక్కయేడు ఉపన్యాసము మాని, దీపములార్పి, తెర వెలిగింతము. పోయిన బంగారు ఏనుగును ప్రభుత్వమువారు తెచ్చిన తెత్తురు, లేకున్న లేదు. మన పఠనమందిరపు గోడయు, తెల్లని దుప్పటియు మన చేతిలోనివి. ఈ పత్రికను పఠనమందిరమున కూర్చుండి చదువుచున్న మిత్రులారా, తల యెత్తి ఆ గదిని ఒకమాఱు చూడుడు. బల్లలు జరిపినచో ఎందఱు పిల్లలు పట్టుదురో లెక్కించి, కార్యదర్శిగారికి నేడే చెప్పుడు.